ఫ్రిజ్ మధ్య అరలో రెండు డబ్బాలు

జనవరి పదహారు, బుధవారం. ముక్కనుమ.
ఇంట్లో ఉన్నవారు: అమ్మ, మామ్మ, తమ్ముడు, నేను. మధ్యాహ్నం నుంచి నాన్న. సాయంత్రం జనరేటర్ అన్న. కరెంటు లేదు.

ఆ ఏటి డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలై ఇక్కడే ఆగిపోయింది. డైరీ రాయడం మొదలుపెట్టిన నాటి నుంచీ నాది ఒకటే పద్ధతి. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారో, ఆ తర్వాతే సంగతులు. ఉద్యోగంలో చేరాకా, ఇప్పటికీ అదే వరస. ఆ ఒక్క రోజు మాత్రం సంగతులు రాయడానికి చెయ్యాడలేదు. ఆ ఖాళీ ఇప్పుడు పూరిస్తున్నాను.

పోయిన వారం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఒక పగలంతా కరెంటు లేకపోయేసరికి మా పాత ఫ్రిజ్‌లో మంచు కరిగి వంటగది గచ్చంతా నీళ్లయింది. గుడ్డ పట్టుకుని కూర్చుని తుడుస్తుంటే ఆ వాసన తగిలింది. తడిసిన రబ్బరు, వడలిన కొత్తిమీర, పులిసిన పెరుగు కలిసిన వాసన. నా చెయ్యి దానంతటదే మధ్య అరలోకి వెళ్లి తడిమింది. కూర గిన్నె తప్ప అక్కడేమీ లేదు.

మా నాన్న సినిమా కెమెరామన్. పరిశ్రమ మద్రాసు నుంచి కదులుతోందని అందరితో పాటు మేమూ సామాను లారీకెక్కించుకుని జూబ్లీహిల్స్ వచ్చాం. అప్పుడక్కడ ఇళ్లకంటే బండలెక్కువ. పగలల్లా ఎక్కడో ఒకచోట రాళ్లు పేలుస్తుండేవారు. పేలుడుకు ముందు ఎవరో ఈల వేస్తే అమ్మ వంటింట్లో గాజు సీసాలను రెండు చేతులా పట్టుకునేది. మా అద్దె వాటా వెనక గుట్ట, గుట్ట మీద సీతాఫలం పొదలు. ఆకులు మేయడానికి రహమత్ నగర్ మేకలు వచ్చేవి.

మా ఇంట్లో ఫ్రిజ్ పేరుకే అమ్మది. మధ్య అర నాన్నది. అందులో ఫిలిం డబ్బాలుండేవి. నెగెటివ్ చల్లగా ఉండాలి, యూనిట్ ఆఫీసులో ఫ్రిజ్ లేదు. చిన్నప్పటి నుంచీ మాకవి ఇంట్లో మనుషుల్లాగే అలవాటు. ఖాళీ అయిన డబ్బాల్లో అమ్మ చెక్కలూ జంతికలూ పోసేది. మూతలు తమ్ముడివి. గుట్ట మీద నుంచి వాటిని దొర్లించి, ఎవరిది ముందు రోడ్డు చేరుతుందా అని పక్కింటి పిల్లలతో పందేలు కాసేవాడు.

"మామ్మా, ఈ డబ్బా మూత తీశావంటే లోపలున్న సినిమా పారిపోతుంది" అని వాడు మామ్మను బెదిరించేవాడు.

"పారిపోతే పోనీరా, నా పెరుక్కి చోటొస్తుంది" అనేది మామ్మ.

మామ్మ నాన్నకు అమ్మ. తన పెరుగు గిన్నె ఆ డబ్బాలకు తగలకూడదని మధ్యలో అరిటాకు ముక్క అడ్డం పెట్టేది.

ఆ ఏడు అన్నిటికీ కొరతే. ఇరాను, ఇరాకు ఏళ్ల తరబడి కొట్టుకుని ఆగి ఎంతో కాలం కాలేదు. ఇంతలో కువైటు మీదికి ఇరాకు సైన్యం వెళ్లింది. ఆ రెండు యుద్ధాల నడుమ సందులో మన దేశం చిక్కుకుంది. పెట్రోలు బంకుల దగ్గర, ట్యాంకులో ఆఖరి చుక్క కోసం స్కూటర్లు పడుకోబెట్టి ఉండేవి. కిరసనాయిలు క్యూలో నేనూ అమ్మా వంతులేసుకుని నిలబడేవాళ్లం. నాకు డిగ్రీ అయిపోయింది, ఎక్కడా ఉద్యోగాల్లేవు. పొద్దున్న క్యూ, మధ్యాహ్నం దరఖాస్తులు. ఆ చలికాలంలోనే ఢిల్లీలో ప్రధాని మారాడు, ఇక్కడ ముఖ్యమంత్రి మారాడు. క్యూలో మగవాళ్లు ఎవరు వస్తే ఏం జరుగుతుందో చెప్పుకుంటూ, డబ్బాలను కాళ్లతో ముందుకు జరుపుకునేవారు.

"నా పెళ్లయిన కొత్తలో జర్మనీవాడి యుద్ధం" అనేది మామ్మ లాంతరు చిమ్నీ తుడుస్తూ. "అప్పుడూ కిరసనాయిలు లేదు. ఇప్పుడూ లేదు. మధ్యలో ఏం చేశారే మీరంతా?"

ఆ యుద్ధం మా ఫ్రిజ్‌లోకి కూడా వచ్చింది. రంగుల నెగెటివ్ పైదేశాల నుంచి రావాలి. దానికి డాలర్లు కావాలి. ఉన్న డాలర్లు పెట్రోలుకే చాలడం లేదని దిగుమతులు బిగించేశారు. నిండుగా ఉండే మధ్య అర ఒక్కో వారం ఖాళీ అవుతూ వచ్చింది. అసలు డబ్బాలు పోయి, షాట్లకు వాడగా కోసి మిగిల్చిన ఫిలిం ముక్కలు మిగిలాయి. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా రిహార్సళ్లు చేయించి, ఒక్క టేకు తీసేవారు. డబ్బా మూతకు చుట్టే తెల్ల పట్టీ కూడా పైదేశం సరుకే. అదీ దొరకడం లేదు. నాన్న పాత నోటు పుస్తకం కాగితం చింపి, 'తీసింది' అనో 'తీయనిది' అనో రాసి, అమ్మ ఉడికించిన మైదాపిండితో అంటించేవాడు. తీసినదంటే లోపల బొమ్మ పడినది, మద్రాసు ల్యాబుకు పోవలసినది. తీయనిదంటే ఇంకా వాడుకోవలసిన ఖాళీ నెగెటివ్.

ఆ సినిమాలో తాత వేషం వేసిన ముసలాయన మా ఇంటికి వచ్చేవాడు. నాటకాల నుంచి వచ్చిన మనిషి. జుట్టు మంచులా తెల్లగా ఉండేది. మామ్మదీ ఆయనదీ ఒకే తాలూకా అని తెలిసిన రోజు నుంచీ మా ఇంట్లో గోంగూర పచ్చడి చేసినప్పుడల్లా ఆయనకు కబురు వెళ్లేది.

"అక్కయ్యగారూ, ఈ తల చూసి నాకు పాతికేళ్లుగా తాత వేషాలే ఇస్తున్నారండీ. ఒక్కసారి రంగేసుకుని పెళ్లికొడుకు వేషం అడుగుదామనుంది."

"ముందు ఆ పచ్చడి మీసాలకంటకుండా తిను. పెళ్లికొడుకట!" అనేది మామ్మ, నెయ్యి ఇంకాస్త వేస్తూ.

డిసెంబరు చివర్లో ఫిల్మ్ నగర్‌లో ఒక పాత బంగళా దగ్గర ఆయన మీద షాటు తీశారు. నాన్నకు క్యారియర్ పట్టుకెళ్లి నేనూ చూశాను. సొంత ఇల్లు అమ్మేసిన మనిషి గేటు దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. మాటల్లేవు. ఆయన గేటు గడియ వేశాడు. ఇకమీదట తనది కాని గేటుకు గడియ వేసి, పడిందో లేదో లాగి చూశాడు. అప్పుడు తల తిప్పి ఇంటికేసి చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. కెమెరాలో ఫిలిం చివరంటా వెళ్లిపోయి టపటపమని కొట్టుకుంది.

"బ్రహ్మాండం బాబాయ్‌గారూ" అన్నాడు నాన్న. "ఇంకొక్కటి తీసుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

"ఇంకో టేకుకి సరుకుందా అబ్బాయ్? ఉంటే చెప్పు. ఇల్లు మళ్లీ కొనుక్కుని మళ్లీ అమ్ముకుంటాను."

అందరూ నవ్వారు. మిగిలింది ఒకే ఒక్క ముక్క, అది పెళ్లి సీనుకు. ఆ సీనుతో సినిమా పూర్తవుతుంది.

తర్వాత కొద్ది రోజులకే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. మధురానగర్‌లో కూతురింట్లో కుర్చీకి పరిమితమయ్యాడు. అంటే ఆ గేటు దగ్గరి షాటు ఇక మళ్లీ తీసేది కాదు. ఆ డబ్బా వెంటనే మద్రాసు వెళ్లవలసింది. కానీ ముందు పాతబస్తీ గొడవలతో కర్ఫ్యూ, తర్వాత పండగ రద్దీ. ప్రొడక్షన్ మేనేజరుకు ముక్కనుమ సాయంత్రం రైలుకు గాని టిక్కెట్టు దొరకలేదు. అప్పటిదాకా డబ్బా మా ఫ్రిజ్‌లోనే ఉంది. పక్కనే పెళ్లి సీను డబ్బా.

ఇక ఆ బుధవారం. తెల్లారకముందే కరెంటు పోయింది. కువైటు నుంచి వెళ్లిపొమ్మని ఇరాకుకు పెట్టిన గడువు ముగిసిందని రేడియోలో చెప్పారు. అమ్మా నేనూ కిరసనాయిలుకు వెళ్లాం. తమ్ముడు గుట్ట మీద ఉన్నాడు. ఇంట్లో మామ్మ ఒక్కతే ఉంది. ఫ్రిజ్ కింద నీళ్లు కనిపించి తలుపు తెరిచింది. మంచు కరిగి ధారగా కారుతోంది. అన్నీ బయటపెట్టి అరలు తుడిచింది. డబ్బాల మీద కాగితాలు నాని జారిపోతుంటే, ఆ జిగురు మైల ఎందుకని వాటిని ఒలిచేసింది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి డబ్బాలను తళతళలాడేలా తుడిచి, మళ్లీ మధ్య అరలో ఒకదాని మీద ఒకటి పెట్టింది. వాటి మీద తన పెరుగు గిన్నె పెట్టలేదు. అంత జాగ్రత్తగా ఉంది.

మధ్యాహ్నం నాన్న డబ్బా కోసం వచ్చాడు. ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా, కాగితాలేవి?"

"ఏ కాగితాలురా? ఆ నానిపోయిన తుక్కా? పెరట్లో పడేశాను."

నాన్న పరుగెత్తాడు. వెనకాలే మేమంతా. పెరట్లో ఒక మేక తాపీగా నములుతోంది. మైదాపిండి వాసనకు వచ్చినట్టుంది. నోటి పక్కన అంగుళం కాగితం మిగిలి ఉంది. తమ్ముడు దాన్ని లాగాడు. 'ది' అనే అక్షరం ఒక్కటే ఉంది. తీసిందికీ తీయనిదికీ చివర అదే అక్షరం.

వాడు నవ్వబోయి నాన్న ముఖం చూసి ఆగిపోయాడు.

మామ్మకు అప్పటికీ అర్థం కాలేదు. "ఇంట్లో డబ్బాలు ఇంట్లోనే ఉన్నాయి కదరా. ఏదో ఒకటి తీసుకెళ్లు."

"ఏదో ఒకటి కాదమ్మా." నాన్న గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మాకంత భయం వేసేది కాదు. "పొరపాటున ఖాళీది పంపానంటే ల్యాబులో కడిగేస్తారు, అది బూడిద. అప్పుడు ఇక్కడ మిగిలేది బాబాయ్‌గారి షాటు. దాన్ని ఖాళీదనుకుని నేను పెళ్లి సీనుకు కెమెరాలో వేస్తాను. పెళ్లికూతురి మీద ఆయనా, ఆయన మీద పెళ్లికూతురూ, రెండూ పోతాయి. ఆయన మళ్లీ లేచి గేటు దాకా నడవలేడు."

మామ్మ గచ్చు మీద కూలబడింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

సాయంత్రం జనరేటర్ అన్న వచ్చాడు. యూనిట్‌లో జనరేటర్ నడిపే మనిషి, రహమత్ నగర్ వాడు. మేమంతా అలాగే పిలిచేవాళ్లం. వాళ్ల తమ్ముడు కువైటు నుంచి ఒక్క దుప్పటితో బయటపడి వచ్చి, ఎర్రగడ్డ మార్కెట్లో ఉల్లిగడ్డలమ్ముకుంటున్నాడు. డబ్బాను మేనేజరుకు అందించడానికి నాన్న స్కూటర్ మీద స్టేషనుకు వెళ్లవలసింది అన్నే.

"ఏంది సార్, అందరు గట్ల కూసున్నరు? యుద్ధం మనింట్లనే షురూ అయిందా ఏంది?"

సంగతి విని డబ్బాలను రెండు చేతుల్లో ఆడించి చూశాడు. "జర గిది బరువున్నట్టుంది సార్."

"రెండూ ముక్కలే. రెండూ ఇంచుమించు ఒకటే" అన్నాడు నాన్న. అప్పటికే వెలుతురు చొరని నల్ల సంచిలో చేతులు పెట్టి రెండు చుట్టలనూ తడిమి చూశాడు. కొత్త చుట్టయితే ఫ్యాక్టరీ అంటించిన కొస వేలికి తెలిసేది. ఇవి రెండూ కోసిన కొసలే.

"మరెట్ల?"

నాన్న చాలాసేపు రెండు డబ్బాలనూ తిప్పి తిప్పి చూశాడు. తర్వాత అమ్మకేసి చూశాడు. "పాత ట్రంకులో నా ఫొటో మందుల పొట్లాలున్నాయా?"

ఒక్కో చుట్ట పైకొస నుంచి జానెడు కోసి, చీకట్లో మందులో ముంచాలి. బొమ్మ పడిన ముక్క నల్లబడుతుంది, పడనిది తేటగా ఉంటుంది. అంతే. మరి అంతసేపు ఎందుకు ఆలోచించాడో నాన్నే చెప్పాడు. చుట్టలో చివర తీసినదే పైన ఉంటుంది. మామూలుగా షాటు చివర 'కట్' అన్నాక కెమెరా కాస్త ఊరికే తిరుగుతుంది, ఆ కొస పోయినా నష్టం లేదు. కానీ ఆ రోజు ఫిలిం అయిపోయేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు. కోసేది ఆ చూపునే.

"అరసెకండు" అన్నాడు నాన్న. "అరసెకండు తక్కువ చూస్తాడు."

"నా మూలాన" అంది మామ్మ.

అమ్మ లేచి దుప్పట్లు తీసింది.

స్నానాల గది కిటికీకి రెండు దుప్పట్లు కట్టాం. తలుపు కింద సందులో అమ్మ పాత చీర కుక్కింది. నాన్న లోపలికెళ్లి గడియ వేసుకున్నాడు. మామ్మ తలుపుకు ఆనుకుని కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. సందుల్లోంచి మందు వాసన వస్తోంది, పులిసిన మజ్జిగలో మేకులు నానేసినట్టు. అమ్మ పళ్లెంలో పెట్టిన అరిసెలు ఎవరూ ముట్టుకోలేదు. అన్న గుమ్మంలో నిలబడి పొద్దు చూస్తున్నాడు. రైలు టైము దగ్గర పడుతోంది.

"ఫికర్ జేయకు అమ్మమ్మా" అన్నాడు మామ్మతో. "సార్ చెయ్యి మంచిది."

లోపలి నుంచి నాన్న గొంతు వినిపించింది. "మొదటిది తేటగా ఉంది."

మేం ఊపిరి పీల్చుకునేలోపే మళ్లీ అన్నాడు. "సంబరపడకండి. మందు పాతది. చచ్చిపోయిన మందయితే రెండూ తేటగానే వస్తాయి."

మళ్లీ నీళ్ల చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

గడియ తీసిన చప్పుడయింది. నాన్న చేతిలో జానెడు ముక్క వేలాడుతోంది, నీళ్లు కారుతూ. అమ్మ లాంతరు ఎత్తింది. గోధుమ రంగు పట్టీలో గోరంత గోరంత గళ్లు. గడిగడికీ ఒక మనిషి.

"కళ్లజోడేదే?" అని మామ్మ కళ్లజోడు పెట్టించుకుని, దగ్గరగా జరిగి చూసింది. నెగెటివ్‌లో తెలుపు నలుపవుతుంది. ముఖం మసి, తెల్లజుట్టేమో నల్లగా నిగనిగ.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అంది మామ్మ. "జుట్టు నల్లబడింది! పెళ్లికొడుకయ్యాడే!"

అలా అంటూనే ఏడ్చింది. మేం నవ్వాం. నవ్వుతున్నామని మాకు తర్వాత గాని తెలియలేదు.

ఇక అంటించడానికి పిండి ఉడికించే వ్యవధి లేదు. మామ్మ తన పాత నేతచీర అంచు చింపి, తీసిన డబ్బాకు గట్టిగా రెండు ముళ్లు వేసింది. అన్న దాన్ని చొక్కా లోపల పెట్టుకుని స్కూటర్ తన్నాడు. దీపాలు పెట్టాక తిరిగొచ్చాడు.

"ఎక్కిచ్చిన సార్. మేనేజర్ డబ్బ వొళ్లె వెట్కొని కూసున్నడు. గా చీరముక్క జూసి పక్కనోళ్లు ప్రసాదమా అని అడుగుతున్నరు."

ఆ సినిమా ఎండాకాలంలో వచ్చింది, వచ్చిన దారినే వెళ్లింది. గేటు దగ్గర షాటు ఉంది. అరసెకండు తక్కువని మాకు తప్ప ఎవరికీ తెలియదు. తర్వాత ఏళ్లలో ప్రభుత్వాలు మారాయి, పద్ధతులు మారాయి, పైదేశాల సరుకు వచ్చిపడింది. మధ్య అర మళ్లీ నిండింది. ఆ తర్వాత మరి కొన్నేళ్లకు నెగెటివ్ అనేదే అక్కర్లేకుండా పోయింది. మా గుట్టను పేల్చి మేడలు కట్టారు. ఇప్పుడు అటు వెళ్తే మా ఇల్లు ఎక్కడుండేదో నాకే ఆనవాలు తెలియదు. యుద్ధం అన్న మాట టీవీలో వినబడితే మాత్రం ఈనాటికీ ముందు ఫ్రిజ్ వైపు చూస్తాను.

ఆ ముక్కనుమకు మర్నాడు ఉదయం, గురువారం. రేడియో పెట్టగానే బాగ్దాదు మీద బాంబులు పడుతున్నాయని చెప్పారు. నాన్న కాఫీ తాగి, ఆరిన ఫిలిం ముక్కను కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్కూటర్‌లో ఉన్న పెట్రోలు స్టేషనుకే అయిపోయింది. నాన్నా నేనూ నడిచే మధురానగర్ వెళ్లాం. దారిలో బంకు దగ్గర అప్పుడే రోడ్డు మలుపు దాకా వరుస.

ముసలాయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఒళ్లో దుప్పటి కప్పి ఉంది. ఆ ఇంట్లోనూ రేడియో యుద్ధమే చెబుతోంది. జరిగినదంతా నాన్న నెమ్మదిగా చెప్పాడు. మేక సంగతితో సహా చెప్పి, ముక్కను ఆయన ఎడమ చేతిలో పెట్టాడు.

ఆయన రేడియో కట్టెయ్యమని కూతురికి గడ్డంతో సైగ చేశాడు. ముక్కను వెలుగుకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. ముక్కను ఒళ్లో పెట్టుకుని, అదే చేత్తో తన తెల్లజుట్టు తడుముకున్నాడు. మూతి ఒక పక్కకు లాగింది. అది నవ్వని తెలుసుకోవడానికి మాకు కొంచెం సేపు పట్టింది.

అప్పుడు నాన్నకేసి చూసి ఒక వేలు పైకెత్తాడు. ఇంకొక్కటి?

"సరుకు లేదండీ బాబాయ్‌గారూ" అన్నాడు నాన్న.